గబ్బిలాయి పచ్చేనా, సామీ?

మహానుభావుల జీవితాలు రాయడానికి మా తిరుపతిలో మనుషులకు కొదవ లేదు. ఆచార్యుల చరిత్రలు, దాతల చరిత్రలు, మండపానికి సున్నం కొట్టించినవాళ్ల చరిత్రలు ఏటా అచ్చవుతూనే ఉంటాయి. వాటిలో తప్పులు దిద్దిపెట్టేది నేనే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇక్కడి ఒక బడిలో తెలుగు పండితుణ్ణి. పేరు దేవనాథన్. ఇప్పుడు నేను రాస్తున్న జీవితం మాత్రం ఎవరూ అచ్చు వేయరు. అది జామపళ్లు అమ్మిన గురవమ్మది. ఆమె గురించి మా వీధిలో అందరికీ ఒక సంగతి తెలుసు. ఆ తెలిసింది తప్పు, ఆ తప్పు నా వల్ల పుట్టింది. ఏదో ప్రేమకొద్దీ రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ ప్రేమ చూపించవలసిన రోజున నాకు నోరు పెగల్లేదు.

గురవమ్మ సత్యవేడు పక్క పల్లెలో పుట్టింది. మాటలో సగం అరవం ఉండేది. మొగుడు నారాయణ అలిపిరి దారిలో ఉన్న ఒక జామతోటకు కాపలాదారు. అతను పాము కరిచి పోయాక, తోట గుత్తకు తీసుకున్న వరదయ్య కొత్త మనిషిని వెతుక్కునే శ్రమ ఎందుకని ఈమెనే కాపలాకు ఉంచుకున్నాడు. పిల్లలు లేరు. ఆమెకు ఉన్నదల్లా తోటలో ఒక గుడిసె, రెండు మేకలు, పిట్టల మీదికి రాళ్లు విసిరే ఒక వడిసెల, ఎవరికీ జంకని నోరు. ఎవరినీ ‘మీరు’ అనేది కాదు. ‘సామీ’ అన్న పిలుపులోనే తన మర్యాదంతా పెట్టేసేది. మొదట్లో నాకది చిరాకుగా ఉండేది. పండితుణ్ణి కదా మరి.

తెల్లవారగానే రాలిన పళ్లన్నీ ఏరి, గుడిసె ముందు గోనెపట్ట మీద పోసుకుని, మూడు కుప్పలుగా వేరు చేసేది. ఏ పండును ఏది కొరికిందో గాటు చూసి చెప్పేది. చిలక ముక్కు నెలవంకలా శుభ్రంగా కోస్తుంది. ఉడుత సన్నగా గీరుతుంది. గబ్బిలం పండును నమిలి రసం పీల్చి పిప్పి ఊసేస్తుంది, దాని గాటు చుట్టూ తడి తడిగా, నలిగినట్టుగా ఉంటుంది. చిలకవీ ఉడుతవీ బుట్టలోకి వెళ్లేవి. గబ్బిలం కొరికినవి మేకలకు వేసేది. ఒకసారి బడి నుంచి వస్తూ ఆగి, కళ్లు మూసుకుని చెప్పగలవా అని వేళాకోళం ఆడాను. ఆమె నిజంగానే కళ్లు మూసుకుని, బొటనవేలితో గాటు తడిమి, వరసగా పది పళ్లకు పేర్లు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

మా వీధిలో ఆ చిలక్కొట్టిన పళ్లకు ఉన్న గిరాకీ వేరే దేనికీ లేదు. మాది ఒకరు తాగిన చెంబు ఇంకొకరు ముట్టని వీధి. ఎంగిలి అంటే ఇంతెత్తున లేస్తాం. అయినా చిలక ఎంగిలికి దోషం లేదు. గోదాదేవి చేతిలో ఉండే పిట్ట కదా! పైగా పక్షి కొట్టి రాల్చిన పండు శుద్ధమని పెద్దలు చెప్పిన మాట ఒకటి ఉంది. నా భార్య కల్యాణవల్లికి ఆ పళ్లంటే ప్రాణం. తీపంతా అక్కడే ఉంటుందని ముందు చిలక కొట్టిన చోటే కొరికేది. నేను తినను, జామగింజలు నా పంటికి పడవు. ఈ వాక్యం రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

అది నలభై రెండో సంవత్సరం. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై బస్సులు బొగ్గుతో నడవడం మొదలయ్యాక, ఆ బొగ్గు కోసం దారుల పక్కన పెద్ద చెట్లెన్నో నేలకూలాయి. వాటికి తలకిందులుగా వేలాడే గబ్బిలాలన్నీ వచ్చి జామతోట గట్టు మీది చింతచెట్లలో చేరాయి. ఆ వానాకాలంలో తెల్లారి గురవమ్మ ఏరిన పళ్లలో దాదాపు అన్నీ గబ్బిలం కొరికినవే. వారం రోజులు ఆమె మా వీధికి ఖాళీ బుట్టతో వచ్చి, ఒట్టి మాటలు చెప్పి పోయింది. కల్యాణవల్లి రోజూ గుమ్మంలోకి వచ్చి చూసి, మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లేది.

ఒక ఆదివారం పొద్దున నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. పక్కన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. గురవమ్మ బుట్ట దించి అడిగింది.

“సామీ, నువ్వు సదువుకున్నోడివి. పచ్చి కొట్టిన పండు ఎంగిలి గాదంటారు గదా. మరి గబ్బిలాయి పచ్చేనా?”

ఆమె నోట పక్షి అన్న మాట ‘పచ్చి’ అయ్యేది. అందరూ నవ్వారు. నాకు హుషారు వచ్చింది. నలుగురు వింటుంటే పండితుడికి వచ్చే హుషారు ఎలాంటిదో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

“రెక్కలున్నాయా లేవా?” అన్నాను.

“ఉండాయి.”

“ఎగురుతుందా లేదా?”

“ఎగర్తాది. అయితే సామీ, అది గుడ్డు పెట్టదు. పిల్లకు పాలిస్తాది, నేను సూసినాను. ఒంటి మీద ఈకలుండవు. నోట్లో పండ్లుండాయి. అది పండు తింటానే ఆడ్నే ఉచ్చ పోస్తాది గూడా. నాకు మనసొప్పల్యా.”

ఆమె చెప్పినవన్నీ నిజాలు. కళ్లతో చూసి చెప్పినవి. నేను చూసిందేమీ లేదు, అయినా గొంతు నాదే పైన ఉంది.

“ఎగిరేదంతా పక్షే గురవమ్మా. పక్షి రాల్చిన పండుకు దోషం లేదు. శాస్త్రం అంతే.”

“సామి సెప్పినాక ఇంకేముండాది,” అంది ఆమె.

పక్కనున్నవాళ్లు అంతలో వేరే మాటల్లో పడ్డారు. వాళ్లు లేచి వెళ్లాక నేను ఇంకొక మాట అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ ఒక వెర్రి తీర్పుతో ముగిసేది, పాపం దాకా వచ్చేది కాదు.

“రేపటినుంచి తెచ్చియ్యి. లోపల అమ్మకు మాత్రం గబ్బిలం అని చెప్పొద్దు. ఆడవాళ్లకు లేనిపోని శంకలు.”

గురవమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “శాస్త్రమైతే సెప్పేదానికేమి సామీ?” అంది. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లింది. మర్నాడు పళ్లు తెచ్చింది.

పదిరోజులు కల్యాణవల్లి సంతోషంగా తిన్నది. ఈసారి పళ్లు తడిగా ఉన్నాయేమిటి అని ఒకసారి అడిగింది. వానలు కదా అన్నాను. తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని మిరియాల కషాయం ఇచ్చాం. మూడో రోజుకు కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి, పిక్కలు ముట్టుకుంటే కేక పెట్టేది. వారం తిరిగేసరికి ఆ ఎర్రకళ్లే పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. నేలఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చాం. తగ్గలేదు. మూత్రం నల్లబడింది, ఆ తర్వాత రావడమే తగ్గిపోయింది. భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటున్న మా అక్క అలివేలమ్మ పెద్దనోరు పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. బొగ్గు బస్సులో పడుకోబెట్టి చిత్తూరు తీసుకెళ్లాం. దారిలో రెండుసార్లు బస్సు ఆగిపోయింది. ఆ ఆగినప్పుడల్లా నేను కల్యాణవల్లి కాళ్లు పట్టుకుని కూర్చున్నాను, దేవుడికి మొక్కడానికి కూడా భయపడుతూ.

చిత్తూరులో ప్రేమానందం అని ఒక డాక్టరు ఉండేవాడు. నెమ్మదైన మనిషి. అన్నీ పరీక్ష చేసి, “ఇంట్లో ఎలుకలు ఎక్కువా?” అని అడిగాడు.

“పిల్లి ఉంది, ఎలుకలు లేవు,” అంది అక్క.

“ఇది మామూలు కామెర్లు కాదమ్మా. ఒక సూక్ష్మక్రిమి చేసే పని. కంటికి కనపడదు, సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది. ఎలుకల మూత్రంలో ఉంటుంది, తడి ఉంటే బతుకుతుంది. నోటి ద్వారానో పుండు ద్వారానో మన రక్తంలోకి దిగుతుంది. ఏవైనా జంతువులు కొరికినవి తిన్నారా?”

“అయ్యో, మేమా? చిలక్కొట్టిన జామపళ్లు తప్ప మా మరదలు ఎంగిలి ముట్టదు.”

“చిలకే కొట్టిందని ఎవరు చెప్పారు?”

“పళ్లమ్మేది చెప్పింది.”

డాక్టరు కలం కింద పెట్టాడు. “పుస్తకాల్లో ఎలుకలనే రాస్తారు. పళ్లు తినే గబ్బిలాల్లో కూడా ఆ క్రిమి ఉందని ఎక్కడో చదివినట్టు గుర్తు. ఖాయంగా చెప్పలేను. ఈ పళ్లే కారణమని కూడా చెప్పలేను,” అని నా వైపు తిరిగాడు. “మీకేమైనా తెలుసా పంతులుగారూ?”

నేను నేల చూశాను. “లేదండీ,” అన్నాను.

అదీ పచ్చి అబద్ధం. గురవమ్మ పలికే ‘పచ్చి’ ఆ రోజునుంచి నాకు ఇంకో రకంగా వినబడటం మొదలైంది.

కల్యాణవల్లిని చిత్తూరు ఆస్పత్రిలో చేర్పించి, బట్టలు తెచ్చుకోవడానికి అక్కా నేనూ తిరుపతి వచ్చాం. అక్క బస్సు దిగుతూనే వీధంతా చెప్పేసింది. మర్నాడు పొద్దున గురవమ్మ బుట్టతో వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నారు. వరదయ్యను కూడా ఎవరో పిలిపించారు. నేను అరుగు మీదే ఉన్నాను. ఆ తీర్పు చెప్పిన అరుగు, ఆ తీర్పు చెప్పిన చోటు.

“నిజం చెప్పు. మా మరదలికి ఇచ్చినవి చిలక్కొట్టినవేనా?” అక్క అడిగింది.

గురవమ్మ నన్ను చూసింది. నేను ఉత్తరీయం అంచు సరిచేసుకున్నాను.

“కాదమ్మా. గబ్బిలాయి కొట్టినవే.”

“తెలిసే ఇచ్చావా?”

“తెలిసే ఇచ్చినా.”

వీధంతా ఒక్కసారి గొల్లుమంది. గురవమ్మ ఇంకా నన్నే చూస్తోంది. కోపంగా కాదు. నేనిప్పుడు నోరు తెరుస్తానని నమ్మకంగా చూస్తోంది. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ భయపెట్టింది. చెబితే ఏమవుతుంది? తెలిసి తెలిసి భార్యకు గబ్బిలం ఎంగిలి తినిపించిన పండితుడని వీధి అంటుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఆ మాట చేరుతుంది. ఇవన్నీ అప్పుడు పెద్ద కారణాల్లా కనిపించాయి.

“చిత్తూరు బస్సుకు వేళైంది,” అని లేచి లోపలికి వెళ్లాను.

తలుపు వెనకనుంచి విన్నాను. వరదయ్య, “తోటలో నీకింక పని లేదు, ఈ పొద్దే గుడిసె ఖాళీ చెయ్యి,” అంటున్నాడు. ఎవరో బుట్ట తన్నారు. పళ్లు రాళ్ల మీద దొర్లిన చప్పుడు వచ్చింది. గురవమ్మ గొంతు మాత్రం వినబడలేదు. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు. నేను అనాల్సిన మాట నాకోసం అలాగే వదిలేసి వెళ్లింది.

కల్యాణవల్లి బతికింది. రెండు నెలలకు లేచి నడిచింది. లేచాక గురవమ్మ ఏదని అడిగితే అక్క జరిగింది చెప్పింది. “పాపం, నన్నెందుకు మోసం చేసింది?” అని మాత్రం అంది కల్యాణవల్లి. అయినా చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు అన్నది నాలాంటివాళ్లకు మహా సదుపాయం.

మరుసటి ఏడు కార్తికంలో ఒకరోజు అలిపిరి వెళ్లాను. కొండ మీదికి బస్సులు ఎక్కడానికి దారి వేస్తున్నారు. కొండ పాదం అంతా కూలీలు, రాళ్లు, సుత్తుల మోత. తట్టలు మోస్తున్న ఆడవాళ్ల వరసలో గురవమ్మ కనిపించింది. చిక్కిపోయింది. మేకలు లేవు. రాతి పొడి పడి జుట్టు తెల్లగా ఉంది, లేక నిజంగానే నెరిసిందో. నేను చెట్టు నీడకు పిలిచి, ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పు నాదే అన్నాను. క్షమించమన్నాను.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని విన్నది.

“ఆ పొద్దు నువ్వు సెప్తావని సూసినా సామీ. నేను సెప్పొచ్చు, ‘సామే సెప్పినాడు’ అని. ఎవురు నమ్ముతారు? కొండంత మనిషి మీద నింద ఏసినానని రెండు దెబ్బలు గూడా పడేవి. నీ మాటకుండే బరువు నా మాటకు యాడిది?”

“ఇప్పుడు చెప్పాను కదా గురవమ్మా.”

“ఈడ సెప్తే ఏం లాభం? రాళ్లే ఇంటాయి. వీదిలో సెప్పు. నన్ను తరిమిన వీదిలో, అందరూ ఉన్నెబుడు సెప్పు. అమ్మను నేను మోసం సెయ్యలేదని అమ్మకు తెలవాల. నాకంతే కావల్సింది.”

సరేనని మాటిచ్చి వచ్చాను. ఆ సరే నిలబెట్టుకోవడానికి ఇంకా నలభై రోజులు పట్టింది. ఏ రోజుకారోజు ఏదో ఒక అడ్డం. ఆ అడ్డాలన్నీ నేనే తెచ్చుకున్నవి.

ధనుర్మాసం వచ్చింది. ఆ నెలలో పొద్దున్నే పాశురాలు చదవడం అయ్యాక, మా వీధి వీధంతా మండపం దగ్గర దొన్నెలు పట్టుకుని పొంగలి కోసం నిలబడుతుంది. ఒకరోజు అక్కడ, అందరూ ఉండగా, గొంతు సవరించుకుని చెప్పాను. గబ్బిలం పక్షి అని తీర్పు చెప్పింది నేను. తెమ్మన్నది నేను. నా భార్యకు చెప్పొద్దన్నది నేను. గురవమ్మ అబద్ధమాడలేదు, ఆడింది నేను. ఒక్క మాట మింగలేదు. ఆ తీర్పు రోజున అరుగు మీద నా పక్కన కూర్చున్నవాళ్లలో ఒకాయన అక్కడే ఉన్నాడు. ఆయన వైపు చూశాను.

వీధి పెద్ద కృష్ణస్వామిగారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లలో నీళ్లు.

“ఎంత పెద్ద మనసయ్యా నీది దేవనాథా! పక్షివాదం ఏదో నవ్వులాటకు అని ఉంటావు. దాన్ని పట్టుకుని ఆ కూలిమనిషి తప్పంతా నీ నెత్తిన వేసుకుంటున్నావా?”

“నెత్తిన వేసుకోవడం కాదు స్వామీ, నిజంగా నేనే...”

“చూశారా! ఇంకా ఆవిణ్ణే వెనకేసుకొస్తున్నాడు.”

నా సాక్షి కూడా అవునవునని తల ఊపాడు. నేను ఎంత గట్టిగా చెబితే నా పుణ్యం అంత పెరిగిపోయింది. చేసిన పాపం చెప్పుకుంటే పెద్దమనిషితనం అనే పేరు వచ్చిపడింది. వడ్డించేవాడు నా దొన్నెలో ఇంకొక గంటెడు పొంగలి ఎక్కువ వేశాడు. ప్రసాదం పారేయకూడదు కదా, అక్కడే నిలబడి అంతా తిన్నాను.

నమ్మింది ఒక్క కల్యాణవల్లి. ఆడవాళ్ల వరసలోనుంచి అంతా విన్నది. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది.

“ఏమండీ, పళ్లు తడిగా ఉన్నాయేమని అడిగితే వానలన్నారు, గుర్తుందా?”

గుర్తుందన్నాను. ఆ రోజునుంచి నేను తెచ్చింది ఏదైనా సరే, కడిగి తెచ్చానని చెప్పినా సరే, ఇంకోసారి కడుగుతుంది. ఇవాళ్టికీ అంతే.

మర్నాడు అలిపిరి వెళ్లాను. గురవమ్మ తట్టలో రాళ్లు నింపుకుంటోంది.

“చెప్పాను గురవమ్మా. అందరి ముందరా చెప్పాను. అమ్మ నమ్మింది.”

“వీది?”

“నమ్మలేదు. నీ తప్పు నా మీద వేసుకుంటున్నానని నన్నే పొగిడారు.”

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పక్క కూలీలు పని ఆపి చూశారు. నేను ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాను.

“తట్ట ఎత్తు సామీ, మేస్త్రి సూస్తా ఉండాడు,” అంది నవ్వు ఆపి.

నేను వంగి పట్టుకున్నాను. అంత బరువు ఉంటుందనుకోలేదు. మొదటిసారి ఎత్తలేక దించాను. రెండోసారి ఎత్తి ఆమె తలచుట్ట మీద పెట్టాను. మెడ ఒక్కసారి కిందికి కుంగి, మళ్లీ నిటారుగా నిలబడింది. ఆ బరువు కిందనుంచే చెప్పింది.

“నిజం సెప్పినా ఎవురూ నమ్మకపోతే ఎట్టుంటాదో ఇబుడు తెలిసెనా సామీ? నీకు ఒక దినం. నాకు పుట్టినకాన్నుంచి అంతే.”

వెళ్లి ఆడవాళ్ల వరసలో కలిసింది. దారి పని అయిపోయాక ఆ కూలీలు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. సత్యవేడు దాకా వెళ్లి అడిగాను, కనిపించలేదు. మా వీధిలో ఇప్పటికీ ఎవరైనా బయటి మనుషుల దగ్గర పళ్లు కొంటుంటే, గబ్బిలం పళ్లు అంటగట్టిన గురవమ్మ కథ చెప్పి జాగ్రత్త అంటారు. చివర్లో నా మంచితనం గురించి కూడా చెబుతారు. నేను అక్కడే ఉంటే కాదంటాను. వాళ్లు నవ్వి, చూశారా అంటారు.